ఎయిర్‌లాక్ బాబాయి

డీజిల్ పికప్ బండి నడిరోడ్డు మీద ఆగిపోవడానికి వంద కారణాలుండొచ్చు. ఆగిన అయిదు నిమిషాల్లో బానెట్ పక్కన ప్రత్యక్షమయ్యే మనిషి మాత్రం ఒక్కడే. అరవై దాటిన వయసు, ఎగ్గట్టిన గళ్ల లుంగీ, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. బండి ఎవరిది, సరుకేమిటి, ఎక్కడికి అని ఏమీ అడగడు. తల లోపలికి పెట్టి ఒకసారి వాసన చూసి తీర్పు చెప్పేస్తాడు. "ఎయిర్ లాకయింది."

నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయ వెళ్లే రోజుల్లో ఆగిరిపల్లి దారిలో ఏ టీకొట్టు దగ్గర చూసినా ఈయన ఉంటాడు. పేరు ఊరికొకటి, వరస మాత్రం అందరికీ బాబాయే. ఒకప్పుడు లారీ తోలాడు. అప్పట్లో ఈయన మాటకి విలువుండేది, న్యాయంగానే ఉండేది. పాత పంపులో గాలి పడితే నాజిల్ పైపుల నట్లు పానాతో ఒక్కొక్కటే వదులు చేసి, క్లీనర్ చేత సెల్ఫ్ కొట్టించేవాడు. ముందు బుసబుసమని నురగ, దాని వెనక నిఖార్సైన డీజిల్. నట్టు బిగించి చేతులు లుంగీకి తుడుచుకునేలోపు ఇంజను అందుకునేది. ఆ విద్య గురుముఖంగా నేర్చిందే. గురువు పానాతో ఎక్కడెక్కడ కొట్టాడో ఇప్పటికీ చూపిస్తాడు.

1951లో పుట్టిన డీజిల్ పంపుల కంపెనీ మైకో 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. బాబాయి దానికి ఒప్పుకోలేదు. ఎవరు చేసిన పంపైనా ఆయనకి మైకో పంపే.

ఇక వైద్యం చూడండి. బండి మీద టన్నున్నర బంగినపల్లి. డ్రైవరు కుర్రాడు. వాడి ఫోన్లో కాయ తాలూకు ఆసామి అరుస్తున్నాడు.

"ఏరా అబ్బాయ్, డీజిలెక్కడ కొట్టించావు?"

"నిన్న ఊళ్లోనే బాబాయ్."

"ట్యాంకులో ఎంతుంది?"

"రిజర్వులో ఉంది."

"మరదే! గాలి లాగేసింది."

నిజం చెప్పొద్దూ, ఆ రెండు ప్రశ్నలూ ఎంత పెద్ద చదువు చదివిన ఇంజనీరైనా అడగాల్సినవే. ఆ తర్వాత ఫిల్టరు మీదున్న చేతి పంపు నొక్కి చూశాడు. అదీ సరైన పనే. నొక్కగా నొక్కగా గట్టిపడితే అక్కడిదాకా డీజిల్ వస్తున్నట్టు లెక్క. గట్టిపడింది. మామూలు మనిషైతే గాలి లేదని ఒప్పుకునేవాడు. బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, "గాలి ముందుకెళ్లిపోయిందిరా" అన్నాడు.

దాన్ని పట్టుకోడానికి స్క్రూడ్రైవరు బయటికొచ్చింది. మొన పంపుకి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజను ఆగే ఉంది కదా బాబాయ్ అని కుర్రాడు గుర్తుచేస్తే, "అందుకే ఏమీ వినపడట్లేదు" అన్నాడు.

"స్కానర్ పెట్టి చూడాలేమో?"

"స్కానింగులు మనుషులకిరా! పదిహేడో నంబరు పానా ఇలా పడెయ్."

ఇక్కడే ఈయనతో ప్రమాదం. కొత్త పికప్పుల్లో ఉన్నది కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచే ఒకే గొట్టం. టైరు షాపు కంప్రెసర్ ఎనిమిది, పది బార్ల ఒత్తిడితో దడదడలాడుతుంది. ఈ రైల్లో ఒత్తిడి 1,600 బార్ల దాకా వెళ్తుంది, చాలా బళ్లలో ఇంకా ఎక్కువ. సెల్ఫ్ కొడుతూ దాని పైపు నట్టు వదులు చేస్తే సూదిలా వచ్చే డీజిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ లోపల కండ చెడి ఆపరేషన్ దాకా పోతుంది. కుర్రాడికి ఇది తెలుసు. పానా సీటు కింద దాచేసి, "తేవడం మర్చిపోయా బాబాయ్" అన్నాడు. దానికి బాబాయి ఈ కాలం పిల్లల బాధ్యతారాహిత్యం మీద కాసేపు మాట్లాడి, టీకొట్టు జనాన్ని పిలిచి బండి తోయించాడు. జనమంతా చెమటలు కక్కారు. ఇంజనుకి డీజిల్ అందనప్పుడు ఎంత తోస్తే ఏం లాభం!

పోతూ పోతూ ఒక చిట్కా కూడా ఇచ్చాడు. "నెలకోసారి రెండు లీటర్లు కిరసనాయిలు కలపరా, నాజిళ్లు కడిగినట్టుంటాయి." ఆయన తోలిన లారీ పంపు అడుగున కామ్‌కి ఇంజనాయిలు ఉండేది, కాబట్టి చెల్లింది. ఈ పంపుల్లో చాలావాటికి డీజిలే కందెన. ప్లంజరుకీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తలవెంట్రుక మందం డెబ్భై దాకా ఉంటుంది. కిరసనాయిలో, నీళ్లో, ఖాళీ ట్యాంకులోంచి గాలో లోపలికెళ్తే ఇనుము ఇనుమునే అరగదీస్తుంది. ఆ రజను రైల్లోకీ, ఇంజెక్టర్లలోకీ పోయి, రిటర్న్ పైపు గుండా మళ్లీ ట్యాంకులోకే చేరుతుంది. అవన్నీ కడగకుండా పంపొక్కటే మార్చారా, కొత్తదీ అదే రజను తాగి చస్తుంది. మొత్తం చేయిస్తే బిల్లు లక్ష దగ్గరికి పోయినా ఆశ్చర్యం లేదు.

"అసలు ఇప్పటి డీజిల్లోనే పస లేదురా" అని కూడా అంటాడు. అందరూ నవ్వుతారు గానీ, ఇందులో ఆయన సగం కరెక్టు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 డీజిల్లో గంధకం పదిలక్షల పాళ్లకి 10కి మించకూడదు. గంధకం తీసే క్రమంలో డీజిల్‌కి సహజంగా ఉన్న జిడ్డుగుణం కూడా పోతుంది. అందుకని రిఫైనరీలు వేరే మందు కలిపి పంపుతాయి. ఆ మందు సంగతి బాబాయికి తెలియదు. చెబితే, "చూశావా, కల్తీ!" అంటాడు.

మీ బండీ ఎప్పుడో ఒకప్పుడు ఈయన కంట పడుతుంది. టీ ఇప్పించండి, మాట వినండి, పానా మాత్రం దాచెయ్యండి. ఫిల్టర్లోంచి తీసిన డీజిల్ పారబోయకుండా ఖాళీ వాటర్ బాటిల్లో పట్టి, ఎండకి ఎత్తి చూడండి. అడుగున నీళ్లు తేరినా, వెండి పొడిలా మెరిసినా మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా బండిని కట్టి లాగించుకుని పంపు షెడ్డుకి పోండి, బాటిల్‌తో సహా. ఈలోగా బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, ఊపి, "ఇవిగో గాలి బుడగలు" అంటే, అవును బాబాయ్ అని చెప్పి బాటిల్ వెనక్కి తీసుకోండి.