ఊడిపోయే పంటికి స్టీలు టోపీ

మా ఇంట్లో పళ్ళ గురించి అభిప్రాయం లేనివాడు మా బుడ్డోడొక్కడే. వాడికి పళ్ళు మాత్రం ఉన్నాయి.

మొదటి పన్ను మొలిచిందని తెలియగానే మా బావమరిది ఫోన్ చేశాడు. "పైదా, కిందిదా బావా?" మేనల్లుడి క్షేమం ఆ తరవాత అడిగాడు. పై పన్ను ముందొస్తే మేనమామకి గండమని మావైపు నమ్మకం. చాలామంది పిల్లలకి కింది పళ్ళే ముందొస్తాయి కాబట్టి లోకంలో మేనమామలు ఇంకా మిగిలున్నారు.

3 ఏళ్ళు నిండేసరికి 20 పాలపళ్ళూ వచ్చేశాయి. తోమించే ఉద్యోగం నాకు పడింది. రోజంతా మూతపడని ఆ నోరు బ్రష్షు కనబడగానే మౌనవ్రతం పడుతుంది. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా పేస్టు పాకించి చూపిస్తారే, అంత అక్కర్లేదట. 3 ఏళ్ళలోపు బియ్యపుగింజంత, తరవాత బఠాణీ గింజంత చాలట. ఆ గింజంతా మింగేసి, తోమడం అయిపోయిందని వాడే ప్రకటించేవాడు.

ఇంతలో దవడపన్ను ఒకటి నల్లబడింది. "పురుగు పట్టింది," అంది మా అమ్మ. పురుగూ లేదు గిరుగూ లేదు, పంటికి అంటుకున్న తీపిని నోట్లో బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లమే పంటిని తినేస్తుంది అన్నారు డాక్టరమ్మ. తీపి ఎక్కడిదని అడగ్గానే అందరం మా అమ్మ కొంగుముడి వైపు చూశాం. అందులో చాక్లెట్ ఎప్పుడూ ఉంటుంది. మా అమ్మ ఫ్యాను వైపు చూసింది.

"అయినా పాలపళ్ళేగా డాక్టరమ్మా! ఎలాగూ ఊడిపోయేదానికి వేలకి వేలెందుకు?"

ముందుపళ్ళు ఆరేడేళ్ళకే ఊడినా, దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలట. ముందే పీకేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోయి, కింద తయారవుతున్న అసలు పంటికి చోటుండదట. మా అమ్మకి చప్పున అర్థమైంది. "అంటే బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టన్నమాట!" తిరునాళ్ళ రోజుల్లో ఆర్టీసీ బస్సులో కుటుంబం మొత్తానికీ అలా సీట్లు ఆపిన మనిషి మరి. పన్ను తీయక తప్పకపోతే చోటు పోకుండా చిన్న తీగ బిగిస్తారని కూడా డాక్టరమ్మ చెప్పారు. "అంతే, కర్చీఫ్ ఎగిరిపోతే సంచీ పెట్టాలి," అని మా అమ్మ ఆమోదించింది.

పాలపంటికి ఎనామెల్ పల్చన. పిప్పి నరం దాకా తొందరగా దిగుతుంది. అందుకని లోపల పాడైన మేరకు తీసేసి, మందు పెట్టి, పైన స్టీలు క్యాప్ వేశారు. పిల్లల పళ్ళ డాక్టర్లది వేరే భాష. సూది అనరు, పన్నుకి జోలపాట అంటారు. ఉమ్మి లాగే గొట్టం ఏనుగు తొండం. ప్రతి పరికరాన్నీ ముందు చెప్పి, చూపించి, ఆ తరవాతే వాడతారు. మావాడు ఆ ఏనుగుకి పేరు పెట్టేలోపు పని అయిపోయింది. మత్తు వాడికిచ్చారు, బిల్లు నాకిచ్చారు. రెండూ ఒకరికే ఇవ్వాల్సింది.

ఇప్పుడు వాడు అపార్ట్‌మెంటులో వెండిపన్ను వీరుడు. లిఫ్టులో ఎవరెక్కినా నోరు తెరుస్తాడు. నాలుగో అంతస్తు పాపాయి తనకీ అలాంటి పన్ను కావాలని పేచీ పెట్టింది. అప్పట్నించీ వాళ్ళమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

మా అమ్మ మాత్రం క్యాప్‌ని వేలితో తట్టి చూసి, "ఒరేయ్, పన్ను ఊడినప్పుడు ఇదేమవుతుంది?" అంది.

"దాంతోపాటే ఊడుతుందమ్మా."

"అయితే అలవాటు కొద్దీ ఇంటి కప్పు మీదకి విసిరేయకండి. స్టీలు సామాన్లవాడు వస్తే చూపిద్దాం."