సంబంధం

విశాఖలో ఓ పశువైద్యుడి క్లినిక్కి రిటైర్డు తాసిల్దారుగారు సతీసమేతంగా వచ్చారు. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో రాజా. పర్షియన్ గండుపిల్లి. పక్క వీధిలో దానికో సంబంధం కుదిరింది.

“ఆడపిల్లికి ఎఫ్ఐవీ పరీక్ష చేయిస్తేగానీ వీల్లేదని చెప్పానండీ. పిల్లుల ఎయిడ్స్ అట కదా! రేపు పుట్టేవాటి సంగతి చూసుకోవద్దూ?”

“నిన్ననే చేయించారు. దానికేమీ లేదు. ఇక మీవాడి రక్తం తీద్దాం.”

“మావాడికెందుకండీ? మగాడు!”

డాక్టరు మారుమాట్లాడకుండా రాజాని బల్లమీదికి ఎత్తాడు. ఎడమ చెవి అంచు చిరిగి ఉంది. మెడమీద బొచ్చు పాయ తీస్తే కోరల గాట్లు. ఒకదాంట్లో చీము ఇంకా ఆరలేదు.

“రాత్రిళ్లు ఇంటిపట్టున ఉండడా?”

“గోడ దూకుతాడు. వయసు కదండీ,” అన్నారు తాసిల్దారుగారు, ముచ్చటగా.

ఆ గోడ అవతలే ఉంది అసలు చిక్కు. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒకచోట పెంచుతున్న పిల్లులు వరసగా జబ్బు పడుతుంటే, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పెడర్సన్, యమమోటో ఈ వైరస్‌ని పట్టుకున్నారు. ఉమ్మిలో ఉంటుంది, కాటుతో ఒంట్లోకి దిగుతుంది. అందుకే ఆపరేషన్ కాని, ఊరిమీద పడి కొట్లాడే గండుపిల్లులకే ఎక్కువ. జతకట్టేటప్పుడు ఆడదాని మెడ కొరికి పట్టుకుంటాయి కనక దానికీ తగలొచ్చు. మనుషులకి మాత్రం అంటదు. మనుషుల జబ్బులు మనుషులకున్నాయి.

పది నిమిషాలకి కిట్టుమీద రెండో గీత తేలింది.

“పోతాడా?” తాసిల్దారుగారి గొంతు వణికింది.

“ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకోవాలి. ఉన్నా భయం లేదు, ఏళ్ల తరబడి హాయిగా బతికేవి బోలెడు. ఆపరేషన్ చేయించి, గడప దాటనివ్వకండి. ఈ సంబంధం మాత్రం వద్దు.”

ఆయన ఓసారి తలుపువైపు చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

“ఆడపెళ్లివారికి చెప్పకండి డాక్టరుగారూ. ఓ ఇంటివాడైతే వాడే కుదురుకుంటాడు.”

అప్పటిదాకా నోరెత్తని ఆవిడ, రాజాని బుట్టలోకి సర్దుతూ అంది:

“మా మావగారూ మా నాన్నతో అచ్చం ఇదే మాటన్నారు డాక్టరుగారూ. నలభై ఏళ్లయింది. చూస్తున్నాను.”