ఎనిమిదా, పదా?

నా కార్డు వల్ల జరిగే పని కాబట్టి అది ఎలా జరగాలో చెప్పే హక్కు కూడా నాదే అని చాలాకాలం నమ్మాను. మ్యాజిక్ ద గ్యాదరింగ్ ఆటలో నాకు నేను పెట్టుకున్న సూత్రం అది. ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. ఆడగా ఆడగా మనసులో నాటుకుపోయింది. నాటుకున్నాక దాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ నమ్మకంతోనే ఒక కుర్రాణ్ణి, ఇంకా ఆటలో ఉండాల్సినవాణ్ణి, టేబుల్ దగ్గర నుంచి లేపేశాను.

రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో వచ్చింది. మేము ఆడేది కమాండర్ పద్ధతి. మామూలుగా నలుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరికి 100 కార్డుల డెక్, మొదట్లో 40 లైఫ్. ఆటను తయారుచేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫీసు రెంటన్‌లో ఉంది. మేముండే బెల్‌వ్యూకి అది దగ్గరే. సందేహం వస్తే చూసుకోవడానికి వాళ్ల రూల్స్ పుస్తకం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. నేను చూడలేదు. అన్నేళ్లు ఆడినవాడికి పుస్తకంతో పనేమిటి అనుకున్నాను.

ఈ ఆటలో కొన్ని కార్డులు ఏదైనా జరిగాక స్పందిస్తాయి. ఇంకొన్ని జరగబోయేదాన్నే మార్చేస్తాయి. రెండో రకాన్ని రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్ అంటారు. ఫర్నెస్ ఆఫ్ రాథ్ అనే కార్డు టేబుల్ మీద ఉంటే, ఎవరికి డ్యామేజ్ తగలబోయినా దాని బదులు రెట్టింపు తగులుతుంది. మూడు ఆరవుతుంది. ఆట లెక్కలో ఆ మూడు తగలడమన్నది అసలు జరగనే లేదు, జరిగింది ఆరే. ఇది స్టాక్ మీదికి, అంటే ఇతరులు జవాబివ్వగలిగే వరసలోకి, రాదు కనుక మధ్యలో ఎవరూ అడ్డుపడలేరు. ఇలాంటివి రెండు ఒకే సంఘటన మీద పడితే ఏది ముందు వర్తించాలో ఎవరో ఒకరు తేల్చాలి. నేను తప్పింది అక్కడే.

ఆ తప్పు అంతకాలం బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. నాకు కౌంటర్ల డెక్ ఒకటుండేది. అందులో హార్డెన్డ్ స్కేల్స్, డబ్లింగ్ సీజన్ రెండూ ఉన్నాయి. నా క్రీచర్ మీద దాని బలాన్ని ఒకటి పెంచే ప్లస్ వన్ కౌంటర్ ఒకటి పడబోతే మొదటిది ఇంకొకటి కలుపుతుంది, రెండోది రెట్టింపు చేస్తుంది. కలిపి రెట్టిస్తే నాలుగు, రెట్టించి కలిపితే మూడు. నేను ఎప్పుడూ నాలుగే తీసుకున్నాను, ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఏమీ లేదు కూడా, అది సరైనదే. కానీ నా కార్డులు కాబట్టి అది సరైందని నేననుకున్నాను. అసలు కారణం అది కాదు. కౌంటర్లు పడుతున్న క్రీచర్ నా అధీనంలో ఉంది కాబట్టి. చేసేవాడూ నేనే, అనుభవించేదీ నా క్రీచరే అయినప్పుడు తప్పు సూత్రమూ ఒప్పు సూత్రమూ ఒకే జవాబిస్తాయి. సరైన జవాబు మళ్లీ మళ్లీ వస్తుంటే దాని వెనక ఉన్న కారణాన్ని పరీక్షించాలని నాకు తోచలేదు.

ఆ ఆదివారం నా దగ్గర కౌంటర్ల డెక్ లేదు, ఎర్ర డెక్ ఉంది. ఫర్నెస్ ఆఫ్ రాథ్ వేసి ఉన్నాను. పక్కనే టార్‌బ్రాన్ అనే క్రీచర్ కార్డు ఉంది. నా అధీనంలోని ఎర్ర కార్డు ప్రత్యర్థికి డ్యామేజ్ చేయబోతే టార్‌బ్రాన్ దానికి రెండు కలుపుతాడు. నా ఎదురుగా ఉన్నది యూనివర్సిటీలో చదువుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు, మా గుంపులోకి కొత్తగా చేరాడు. అతని లైఫ్ తొమ్మిది. మళ్లీ అతని వంతు వచ్చిందంటే మా ముగ్గురికీ కష్టం. నేను లైట్నింగ్ బోల్ట్ వేశాను. అది చేసేది మూడు డ్యామేజ్. మూడుకి రెండు కలిపి రెట్టిస్తే పది, అంటే అతను ఆటలోంచి పోతాడు. మూడుని రెట్టించి రెండు కలిపితే ఎనిమిది, అంటే ఒక్క లైఫ్‌తో మిగులుతాడు.

“అన్నా, ఏది ముందో నేను కదా చెప్పాలి? తగిలేది నాకు కదా?” అన్నాడు.

“కార్డులు రెండూ నావి తమ్ముడూ. ముందు టార్‌బ్రాన్, తర్వాత ఫర్నెస్. పది,” అన్నాను.

ఒక్క క్షణం నా ముఖం చూశాడు. “సరే అన్నా” అని కార్డులు సర్దుకున్నాడు. మిగతా ఇద్దరూ మాట్లాడలేదు. వయసులో పెద్దవాణ్ణి, ఆటలో పాతవాణ్ణి, గొంతులో తడబాటు లేదు. నా మాట చెల్లడానికి ఆ మూడూ చాలాయి. ఇద్దరాడే ఆటలో ఓడినవాడు వెంటనే ఇంకో ఆట మొదలుపెట్టుకోవచ్చు. నలుగురి ఆటలో అలా కుదరదు. మేము ముగించేదాకా అతను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ ఆట నేనే గెలిచాను.

ఆ రాత్రి పుస్తకం తెరిచాను. అతను తప్పని నిర్ధారించుకోవడానికే తెరిచాను, ఆ మాట కూడా చెప్పాలి. రూల్ 616.1 దగ్గర ఆగిపోయాను. రెండు మూడు ఎఫెక్టులు ఒకే సంఘటనను మార్చబోతుంటే, ముందు ఏది వర్తించాలో ఎంచుకునేది ఆ సంఘటన ఎవరికి జరుగుతోందో ఆ ఆటగాడు. సంఘటన ఏదైనా వస్తువుకి జరుగుతుంటే దాన్ని అధీనంలో ఉంచుకున్నవాడు, అలాంటివాడు లేకపోతే దాని యజమాని. కార్డులు ఎవరు వేశారన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. కొన్ని రకాలకు ముందు వరస ఉంది, తన ఫలితాన్ని తానే మార్చుకునేవి, ఎవరి అధీనంలోకి రావాలో మార్చేవి, నకలుగా దిగేవి, ఇలా. నా రెండు కార్డులూ ఆ రకాల్లో లేవు. ఎంపిక పూర్తిగా అతనిదే. అతను ఎనిమిది ఎంచుకునేవాడు, బతికేవాడు.

అక్కడితో ఆగలేదు, పాత ఆటలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. నా ఇంకో డెక్‌లో డౌథీ వాయిడ్‌వాకర్ ఉంది. ప్రత్యర్థి కార్డు గ్రేవ్‌యార్డ్‌కి పోబోతే, దాని బదులు వాయిడ్ కౌంటర్ పెట్టి ఎగ్జైల్ చేస్తుంది, అంటే ఆటలోంచి పక్కకు తీసేస్తుంది. తర్వాత వాయిడ్‌వాకర్‌ని బలి ఇచ్చి, అలాంటి కార్డుల్లో ఒకదాన్ని నేను మానా ఖర్చు లేకుండా ఆడుకోవచ్చు. టేబుల్ మీద ఎవరిదైనా రెస్ట్ ఇన్ పీస్ ఉంటే అది కూడా ఎగ్జైలే చేస్తుంది, కానీ కౌంటర్ పెట్టదు. రెండూ ఉన్నప్పుడు నేను ప్రతిసారీ కౌంటర్ పెట్టాను. పెట్టాలో లేదో తేల్చాల్సింది నేను కాదు, పోతున్న కార్డు ఎవరిదో వాళ్లు. వాళ్లు రెస్ట్ ఇన్ పీస్‌ని ఎంచుకుంటే నాకు దక్కేది ఏమీ లేదు. వాళ్లకు ఎంపిక ఉందన్న సంగతే నేను తెలియనివ్వలేదు. అలా ఎన్ని ఆటలు ఎటు తిప్పానో ఇప్పుడు లెక్క తేలదు.

తర్వాతి ఆదివారం మిగతా ఇద్దరి ముందే ఆ కుర్రాడితో చెప్పాను. “పోయినసారి నువ్వన్నదే రైటు. ఎంపిక నీది. నేను చదవకుండా మాట్లాడాను, నిన్ను మాట్లాడనివ్వలేదు. తప్పు నాది.” అతను ఇబ్బందిగా నవ్వి “పర్లేదన్నా” అన్నాడు. ఆ వెంటనే ఒక ప్రశ్న వేశాడు. తన డెక్‌లో నోషన్ థీఫ్ పెట్టుకుందామనుకుంటున్నాడట. నా దగ్గర ఒకటి ఉంది, మా మూడో ఆటగాడి దగ్గర ఇంకొకటి ఉంది. ప్రత్యర్థి తన డ్రా స్టెప్‌లో తీసే మొదటి కార్డు తప్ప ఇంకే కార్డు తీయబోయినా, నోషన్ థీఫ్ దాన్ని ఆపి తన ఆటగాడికి ఇస్తుంది. “మూడూ టేబుల్ మీద ఉండగా నేను ఏదో స్పెల్‌తో ఒక కార్డు తీయబోతే, అది చివరికి ఎవరికి పోతుందన్నా?”

కొత్తగా నేర్చుకున్నవాడి ధీమాతో వెంటనే చెప్పేశాను. “తీసేది నువ్వు కాబట్టి ఎంపికలన్నీ నీవే. నన్ను ఎంచుకుంటే కార్డు నాకొస్తుంది.”

రెండు వాక్యాలూ తప్పే. ఈసారి మాత్రం అందరం కలిసి ఫోన్‌లో పుస్తకం తెరిచి చూశాం. రూల్ 614.5 ప్రకారం ఒక ఎఫెక్ట్‌కి ఒక సంఘటన మీద ఒక్కటే అవకాశం. ఆ సంఘటన మారి ఇంకోటి అయినా సరే, దానికి రెండోసారి దక్కదు. ఒక ఎఫెక్ట్ వర్తించాక, మారిన సంఘటనకు ఇంకేవి వర్తిస్తాయో మళ్లీ మొదటి నుంచి చూడాలి. అప్పుడు ఎంచుకునేది ఎవరన్నది కూడా మారిన సంఘటనను బట్టే ఉంటుంది.

కాగితం మీద గీసి చూశాం. కుర్రాడు కార్డు తీయబోతాడు. అతని థీఫ్ ప్రత్యర్థుల మీదే పనిచేస్తుంది కనుక ప్రస్తుతానికి వర్తించదు. వర్తించేవి నాది, మూడో ఆయనది. కుర్రాడు నాది ఎంచుకున్నాడనుకుందాం. ఇప్పుడు కార్డు తీయబోయేది నేను. నా థీఫ్ అవకాశం అయిపోయింది. నా మీద కుర్రాడి థీఫ్, మూడో ఆయన థీఫ్ రెండూ వర్తిస్తాయి. సంఘటన జరుగుతున్నది నాకు కాబట్టి ఎంపిక ఇప్పుడు నాది. కుర్రాడి థీఫ్‌ని ఎంచుకుంటే కార్డు అతని దగ్గరికి తిరిగి వెళ్లబోతుంది, ఇంకా వాడని మూడో ఆయన థీఫ్ దాన్ని లాక్కుంటుంది. మూడో ఆయనది ఎంచుకుంటే ఆయన తీయబోతాడు, అప్పుడు కుర్రాడి థీఫ్ వర్తించి కార్డు కుర్రాడికే చేరుతుంది. అతను మొదట నన్ను ఎంచుకుంటే నాకు మాత్రం కార్డు రాదు. మిగతా ఇద్దరిలో ఎవరికి రావాలో తేల్చేది నేను.

కుర్రాడు కాగితం తన వైపు తిప్పుకుని మరోసారి బాణాలు గీశాడు. “అంటే కార్డు నాకే కావాలంటే, నాకిచ్చేవాళ్లు ఎవరో చూసుకుని వాళ్ల థీఫ్‌ని ముందు ఎంచుకోవాలి,” అన్నాడు. మూడో ఆయన వైపు చూశాడు, తర్వాత నా వైపు. “పోయిన ఆదివారం లెక్కన చూస్తే మిమ్మల్ని ఎంచుకోనన్నా.”

న్యాయమే అన్నాను. డెక్‌లు కలిపి, ఏడేసి కార్డులు తీసుకున్నాం.