తెప్ప ఎక్కినవాడు తెడ్డు పట్టాలా?

సింహాచలం వరాహ పుష్కరిణిలో తెప్పోత్సవం చూసే ఉంటారు. అప్పన్న నగలు పెట్టుకుని దర్జాగా కూర్చుంటాడు. తెప్ప నడిపే తిప్పలు చుట్టూ ఉన్నవాళ్ళవి. విశాఖ నుంచి రిషికేశ్‌కి రాఫ్టింగ్‌కు వెళ్ళేవాళ్ళకు ఇంతకు మించిన శాస్త్రం అక్కర్లేదు. వెంట ఒక స్నేహితుడుంటే చాలు.

1. స్నేహితుణ్ణి చూసి ఎంచుకోండి. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసేవాడైతే శ్రేష్ఠం. నైట్ డ్యూటీ దిగొచ్చి కూడా టికెట్లు, గది, బేరాలు తనే చూసుకుంటాడు. "నువ్వయితే బాగా చూస్తావు గురూ" అని ఒక్క మాట పడేయండి. వాట్సాప్ గ్రూపుకు పేరు పెట్టడం మీ వంతు.

2. జూలైలో వెళ్దామని పట్టుబట్టండి. వానలకు గంగ పొంగుతుంది కాబట్టి జూలై, ఆగస్టుల్లో అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. "నేను రెడీయే, వాళ్ళే ఆపేశారు" అని ఏడాదంతా చెప్పుకోవచ్చు. పైసా ఖర్చు లేని సాహసం. వాడు ఈ సంగతి కనిపెట్టి మార్చికి మార్చేస్తే ఇక చేసేదేం లేదు, బట్టలు సర్దుకోండి. వాడి సంచిలో.

3. ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు గడిచాక ఢిల్లీ. నడుం పట్టేసిందని చెప్పి కింది బెర్తు కొట్టేయండి. మాడుగుల హల్వా అడుగున దాచి, ముందు వాడి పులిహోర పని పట్టండి. రిషికేశ్‌లో మాంసం, మద్యం దొరకవు. కాబట్టి ఎండు నెత్తళ్ళు ఒక పొట్లం తీసుకెళ్ళండి. గదిలో వాసనొచ్చి యజమాని తలుపు కొడితే భయమెందుకు? సంచి వాడిది కదా.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫారం నింపేటప్పుడు "ఈత వచ్చా?" అని అడుగుతారు. రాదనకండి. రాదన్నవాడి మీద గైడు ఓ కన్నేసి ఉంచుతాడు, ఎంత నామోషీ! ఛాతీ విరుచుకుని "మాది వైజాగ్" అనండి. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదని అక్కడెవరికి తెలుసు? కురుసుర జలాంతర్గామి ఎక్కానని కూడా చెప్పండి. అది 2002లో ఒడ్డు మీద మ్యూజియం అయ్యాక టికెట్ కొని ఎక్కిన మాట మింగేయండి. మా రిషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిందని ఇంకో ముక్క తగిలించండి. అది ఇచ్చింది బీచ్‌కే గానీ మీ ఈతకు కాదు. అయినా రిషికొండ, రిషికేశ్, ఇంటిపేరు ఒకటే. ఆ మాత్రం చుట్టరికం చాలు.

5. ఈ చిట్కా మా స్నేహితుడు రాసిస్తానన్నాడు. ఇంకా ఇవ్వలేదు. ఎందుకో ఫోను కూడా ఎత్తడం లేదు.

6. దూరం సంగతి. రిషికేశ్‌కి బ్రహ్మపురి నుంచి 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, కౌడియాల నుంచి సుమారు 36. మీరు 9 అనండి, వాడు 36 అంటాడు, 16 దగ్గర తెగుతుంది. ఇంటికి ఫోన్ చేసి 36 అని చెప్పండి. శివపురి దారిలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అని ర్యాపిడ్‌లు వస్తాయి. గోల్ఫ్ కోర్స్ అంటే మన ముడసర్లోవ వైపు పచ్చిక లాంటిదే అయి ఉంటుందని ధైర్యంగా ఉండండి.

7. గైడు ఒడ్డున పావుగంట జాగ్రత్తలు చెబుతాడు. సెల్ఫీలకు అదే మంచి వెలుతురు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తే పొట్ట తెలిసిపోతుంది, వదులు చేయండి. హెల్మెట్ వెనక్కి నెడితే క్రాపు కనబడుతుంది. ఫోను తడవని సంచిలో వేయమంటారు. అందులో పెడితే ఫోటోలెవరు తీస్తారు? జాకెట్ లోపలికి దోపుకోండి.

8. రాఫ్టులో ముందు వరసలో కూర్చోండి. ఫోటోల్లో బాగా పడేది ఆ ఇద్దరే. చిక్కేమిటంటే వెనకవాళ్ళంతా ఆ ఇద్దరి తెడ్లు చూసే తాళం అందుకుంటారు. కంగారు పడకండి. గైడు "ఫార్వర్డ్!" అనగానే అందరికంటే గట్టిగా మీరూ "ఫార్వర్డ్!" అని అరిచి, తెడ్డును నీటికి జానెడు పైన ఆడించండి. చూసేవాళ్ళకు తేడా తెలీదు. వాడు "ఏటిరా, నీళ్ళలో పెట్టు" అంటే భుజం పట్టేసిందనండి. రైల్లో నడుం కదా అంటాడు. పైకి పాకిందనండి.

రాఫ్టుకు చుక్కాని ఉండదు. నీటికంటే కాస్త వేగంగా పోతున్నంతసేపే గైడు మాట వింటుంది. తెడ్లు ఆగాయా, గంగ మాట వింటుంది. అలకు ఎదురుగా వెళ్ళాల్సింది అడ్డం తిరుగుతుంది. అదే మీరు కోరుకున్న ఫోటో. తెడ్డు పైకొసన ఉండే పిడిని అరచేత్తో మూసి పట్టుకోమని గైడు చెప్పింది మీరు వినలేదు గనక, అది తిన్నగా వెళ్ళి మీవాడి ముక్కుకు తగులుతుంది. "నీటి దెబ్బ గురూ" అనండి.

9. పడితే ఏం చేయాలో కూడా ఒడ్డునే చెప్పారు. వెల్లకిలా తేలాలి, కాళ్ళు ప్రవాహం పోయే వైపుకి ఉంచాలి, నిలబడే ప్రయత్నం మాత్రం చేయకూడదు, పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీరు మనిషిని వంచి పడేస్తుంది. ఇదంతా పరాయి ఊళ్ళ వాళ్ళకు. మీది వైజాగ్. బీచ్‌లో అల తోసినప్పుడు లేచి నిలబడ్డట్టే నిలబడండి. ఒక చెప్పు గంగార్పణం, మోకాలి మీద చర్మం రాతికి నైవేద్యం, మంచు కరిగిన నీళ్ళు చెవుల్లోకి. స్నేహితుడు వంగి జాకెట్ భుజాల పట్టీలు అందుకుని లాగుతాడు. పట్టీలు వదులు చేశారు కదా, జాకెట్ పైకి వెళుతుంది, మీరు కిందే ఉంటారు. ఫోను ఇంకా కిందికి. చివరికి రాఫ్టు వెంట కాపలాగా వచ్చే కయాక్ అబ్బాయి తేలుస్తాడు. అతని మెడ గట్టిగా కరుచుకుంటే అతనికీ మీ బరువు తెలిసొస్తుంది.

10. దారిలో మ్యాగీ బడ్డీ దగ్గర రాఫ్టు ఆపుతారు. రెండు ప్లేట్లు తినండి. డబ్బులిచ్చే వేళకు మోకాలు పట్టుకుని మూలగండి. రాఫ్టు మీద తీసిన వీడియో డబ్బులూ వాడినే కట్టనివ్వండి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నారు పెద్దలు. ఒడ్డు తగలగానే "నీవల్లే రాఫ్టు అడ్డం తిరిగింది" అని నలుగురిలో అనేయండి. ముక్కు మీద ఐసు పెట్టుకున్నవాడు ఎదురు మాట్లాడలేడు.

ఆ సాయంత్రమే వీడియో గ్రూపులో వస్తుంది, మీ ఆవిడా ఉన్న గ్రూపులో. కళ్ళు గట్టిగా మూసుకుని వాడి కాలు రెండు చేతులతో పట్టుకున్నది మీరే. దేవుడి దయవల్ల చూడ్డానికి మీ దగ్గర ఫోను లేదు.

11. తిరుగు ప్రయాణం. మీ ఫోను గంగలో ఉంది. టికెట్లు రెండూ వాడి ఫోన్లో ఉన్నాయి. వాడు ఢిల్లీలో మీతోపాటే రైలెక్కాడు గానీ ఏ బోగీలోకి మారాడో తెలీదు, సంచి మాత్రం పట్టుకెళ్ళాడు. టీటీఈ వచ్చి టికెట్ అడుగుతాడు. తడబడకండి. ఛాతీ విరుచుకుని, నిదానంగా, "మాది వైజాగ్" అనండి.