సాంచాల ఊరు, సముద్రపు కెమెరా

నీటి అడుగున ఫోటోలు తీయడానికి మిర్రర్‌లెస్ కెమెరాను ఎంచుకునే శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: ముందు బాడీ కొనాలి, తర్వాత సముద్రం ఎక్కడుందో వెతకాలి. ఈ శాస్త్రం వర్ధిల్లడానికి ముంబై దగ్గరి మరమగ్గాల ఊరు భివండీ కన్నా అనువైన ఊరు దొరకదు. ఆన్‌లైన్ సరుకు దాచే గోదాములు ఊరి చుట్టూ ఉన్నాయి, కాబట్టి పెట్టె ఊళ్లోని పద్మానగర్ చేరడానికి ఎంతోసేపు పట్టదు. చేప కనిపించేంత తేట నీళ్లు మాత్రం దరిదాపుల్లో లేవు. ఊరిని ఆనుకుని కామ్వారీ నది ఉంది గానీ, కార్ఖానాల మురుగు కలిసే ఆ నీళ్లలో లక్ష రూపాయల సెన్సరుకూ పదివేల సెన్సరుకూ ఒకటే చూపు. కొంకణ్ తీరంలో డైవింగ్ జరిగే మాల్వణ్ దాకా వెళ్లాలంటే సుమారు 500 కిలోమీటర్లు.

శాస్త్రంలో మొదటి అధ్యాయం సెన్సరు. పెద్దదైతే మసక వెలుతురులోనూ ఫోటో శుభ్రంగా వస్తుందని సిద్ధాంతం. గట్టు మీద అది నిజమే. నీళ్లలో లెన్సు ముందు గాజు ఉంటుంది. ఆ గాజు చదునుగా ఉంటే, వక్రీభవనం వల్ల 24 మిల్లీమీటర్ల లెన్సు 32 మిల్లీమీటర్ల లెన్సులా ఇరుకైపోతుంది. అందుకే వైడ్ లెన్సుకు గుమ్మటం లాంటి డోమ్ పోర్టు పెడతారు. అది కోణాన్ని కాపాడుతుంది గానీ, ఎంత దూరపు దృశ్యాన్నైనా తనకు మూరెడు లోపలే ఒక వంపు ప్రతిబింబంగా నిలబెడుతుంది. ఆ వంపు మూలలతో సహా స్పష్టంగా రావాలంటే పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ యజమాని ఎపర్చరును ఎఫ్/13కో, ఎఫ్/16కో మూసుకోవాలి. చిన్న సెన్సరున్న మైక్రో ఫోర్ థర్డ్స్ వాడికి ఎఫ్/8 సరిపోతుంది. పెద్ద సెన్సరు సంపాదించిన వెలుతురంతా అక్కడే ఖర్చైపోతుంది. దాని బరువూ, దానికి కావలసిన పెద్ద గుమ్మటమూ, కిస్తీలూ మాత్రం మిగులుతాయి.

అద్దం లేని కెమెరా నీళ్లలోకి దిగడం ఈ కాలపు విప్లవమని చెప్పడం రెండో సిద్ధాంతం. నికాన్ 1963లో అమ్మకానికి పెట్టిన నికోనోస్‌లోనూ అద్దం లేదు. దానికి హౌసింగు, అంటే నీళ్లు చొరని పెట్టె, అక్కర్లేదు, నేరుగా నీళ్లలో ముంచడమే. రీలుకు 36 ఫోటోలే కాబట్టి మనిషి ముందు చేప దగ్గరికి ఈదేవాడు, తర్వాత బటన్ నొక్కేవాడు. ఇప్పుడు సెకనుకు 20 ఫోటోలు వస్తున్నాయి గనుక ఆ వరుస తిరగబడింది.

హౌసింగు సంగతి బాడీ కొన్నాకే తెలియాలన్నది ఆనవాయితీ. దాని ధర చాలాసార్లు కెమెరా ధరను మించుతుంది. ఒక మోడల్‌కు కుదిరింది మరో మోడల్‌కు కుదరదు. కంపెనీ కొత్త మోడల్ తెచ్చి ఒక్క బటన్ జరిపితే పాత అల్యూమినియం పెట్టె అలంకారమైపోతుంది. 60 మీటర్లు, 100 మీటర్లు అని లోతు హామీ చూసి మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. డైవింగ్ సర్టిఫికెట్ లేని పర్యాటకుణ్ణి శిక్షకుడు సిలిండరు పట్టుకుని తిప్పేది మహా అయితే 12 మీటర్లు. 100 మీటర్ల హామీలో మిగతా 88 మీటర్లకు కట్టిన డబ్బు ధైర్యం కోసమనుకోవాలి.

భివండీకి ప్రత్యేకమైన అధ్యాయం ఓ-రింగుది. హౌసింగు రెండు ముక్కల మధ్య నీటిని ఆపేది ఆ సన్నని రబ్బరు చుట్టే. దాని మీద ఒక వెంట్రుకో, నూలు పీచో పడితే చాలు, కెమెరా ఉప్పునీళ్ల పాలు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు వలస వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న ఈ ఊళ్లో పీచు గాలిలోనే ఉంటుంది. షిఫ్టు దిగిన మనిషి కనుబొమల మీద తెల్లటి నూగు, ఫ్యాను రెక్కల మీద దూది పొర. ఓ-రింగును గుడ్డతో తుడవకూడదు, దూదిపుల్ల అసలే తాకించకూడదు. శుభ్రమైన వేలితో తడిమి చూసి, పలచగా సిలికాన్ గ్రీజు రాయాలి. దేశానికి గుడ్డ నేసే ఊళ్లో గుడ్డ పనికిరాని పని ఇదొకటి. నీళ్లలో దిగకముందే లోపలి గాలి లాగి కారుడును పట్టిచ్చే వ్యాక్యూమ్ పంపు కొనేవాళ్లు తక్కువ, లీక్ అలారం ఉందిగా అని ధీమా. సాంచాలో పేక పోగు తెగితే సాంచా దానంతట అదే ఆగుతుంది. ఈ అలారం మాత్రం నీళ్లు లోపలికి వచ్చాకే కూస్తుంది.

లైట్ల దగ్గరికి వచ్చేసరికి సంచీ ఖాళీ. నీరు మొదట మింగేది ఎరుపును. అయిదారు మీటర్లకే అది చాలావరకు పోతుంది. అసలు అందని రంగును ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు, స్ట్రోబులు, అంటే నీటి అడుగున వాడే ఫ్లాష్‌లు, కావాలి. వాటినీ లెన్సు పక్కనే బిగిస్తే నీటిలో తేలే మట్టి రేణువులన్నీ వెలిగి ఫోటో నిండా తెల్ల చుక్కలు పడతాయి. పొడుగాటి కడ్డీలతో పక్కలకు జరపాలి. కొంకణ్ నీళ్లు తరచూ మసకే కాబట్టి వస్తువుకు చేయి చాపినంత దూరంలోకి చేరాలి. అడుగునున్న ఇసుక రేగకుండా అక్కడ నిలకడగా తేలాలి. ఆ విద్య ఏ గోదాములోనూ దొరకదు.

కాబట్టి కొనదలచినవాళ్లు లెన్సు, దాని పోర్టు, హౌసింగు, లైట్ల ధరలు ముందు కూడుకుని, మిగిలినదానితో ఎంత పాత బాడీ వస్తే అంత పాతది తీసుకోవాలి. వానాకాలం మాల్వణ్‌లో డైవింగ్ మూసేస్తారు. ఆ నెలలు ఈత నేర్చుకోవడానికి సరిపోతాయి.