బోనస్ బాబాయి

కాలనీకొక బోనస్ బాబాయి ఉంటాడు. ఉద్యోగం నుంచి రిటైరై ఉంటాడు, డీమ్యాట్ ఖాతా తెరిచి ఉంటాడు, పొద్దున తొమ్మిదీ పావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఇంట్లో ఉండి కూడా ఎవరికీ దొరకడు. సాయంత్రం మనవడికి ఆరో తరగతి లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం ఆయన్ను చూసి తీరాలి. గ.సా.భా. ఎందుకు కావాలో, క.సా.గు. ఎలా కట్టాలో, లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే భిన్నం విలువ ఎందుకు మారదో అంత విడమరిచి చెప్పే మాస్టారు బడిలో కూడా ఉండడు. పాఠం ముగించి ఫోన్ తీస్తాడు. తన కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ప్రకటించిందని చూసి వెంటనే పూతరేకుల డబ్బా తెప్పిస్తాడు. ఇలాంటి వాళ్లది అత్యాశ అని లోకం తేల్చేస్తుంది. నేనలా అనుకోను. ఆశ అందరికీ ఉన్నదే. ఈయన జబ్బల్లా, తనకు వచ్చిన లెక్కను డబ్బు దగ్గర వాడకపోవడం.

షేరంటే భిన్నమే. మన దగ్గరున్న షేర్లు లవం, కంపెనీ జారీ చేయగా అందరి చేతుల్లో కలిపి ఉన్న మొత్తం షేర్లు హారం. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చినప్పుడు బాబాయి 50 షేర్లు 100 అయ్యాయి. అదే రోజున కంపెనీ మొత్తం షేర్లు కూడా సుమారు 676 కోట్ల నుంచి 1,353 కోట్లకు చేరాయి. పైన ఒక రెండు, కింద ఒక రెండు. మనవడి నోటుబుక్కులో అయితే ఎర్ర పెన్సిలుతో రెంటినీ కొట్టేసేవాడే. షేరు మీద లాభం సగమైంది, ధర కూడా ఆ మేరకే సర్దుకుంది. “మంచి కంపెనీ అయితే ధర మళ్లీ ఎక్కుతుంది కదా” అని ఆయన వాదన. ఎక్కుతుంది, నిజమే. కానీ ఎక్కించేది లాభాలు. బోనస్ ఇవ్వకపోయినా అవి వచ్చేవే. ధర దిగితే చిన్న మదుపరులకు అందుబాటులోకి వస్తుంది, కొనడం అమ్మడం సులువవుతుందన్న వాదనలో మాత్రం పస ఉంది. అయితే ఆ సౌకర్యానికి ఒక కప్పు టీ చాలు, పూతరేకులు ఎక్కువ.

పోనీ భిన్నాలంటే పట్టింపు లేని మనిషా అంటే, అదీ కాదు. 2020లో రిలయన్స్ ప్రతి 15 షేర్లకు ఒకటి చొప్పున కొత్త షేరు కొనే హక్కు (రైట్స్) ఇచ్చినప్పుడు, 15 గుణిజాన్ని దాటి మిగిలిపోయిన షేర్లకు హక్కు లెక్కలోకి రాలేదు. అప్పటి నుంచీ బాబాయి జాతి గుణిజాల మీద నిఘా పెట్టింది. రేపు కంపెనీ మూడుకొకటి ఇచ్చినా, నాలుగుకొకటి ఇచ్చినా, ఐదుకు రెండిచ్చినా ముక్క మిగలకూడదని క.సా.గు. కట్టి, 60 షేర్ల చొప్పున కొంటాడు. ముక్క దగ్గర ఇంత జాగ్రత్త పడే మనిషి మొత్తం దగ్గరికొచ్చేసరికి ధర ఒక్కటే చూస్తాడు. ఆయన దృష్టిలో ఎమ్మారెఫ్ ఖరీదు, వొడాఫోన్ ఐడియా చవక. ఎమ్మారెఫ్ షేరు 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది, కానీ ఉన్నవే 42,41,143 షేర్లు. హెచ్చిస్తే కంపెనీ విలువ 42 వేల కోట్లు దాటుతుంది. వొడాఫోన్ ఐడియా షేర్లు 2025లో సుమారు 10,834 కోట్లకు చేరాయి. ఒక్కోటి ఏడు రూపాయలే అనుకున్నా 75 వేల కోట్ల పైమాటే. “అన్ని కోట్ల షేర్లు ఎవరు లెక్కపెడతారయ్యా” అంటాడు. లెక్కపెట్టక్కర్లేదు. చెల్లించిన మూలధనాన్ని ముఖవిలువతో భాగిస్తే చాలు: ఎమ్మారెఫ్‌కు 4.24 కోట్ల రూపాయలను పదితో భాగిస్తే 42.4 లక్షలు వస్తుంది. మనవడు చేసి పెడతాడు.

అసలు చోద్యం హారం ఒక్కటే మారే రోజుల్లో ఉంది. 2017లో టీసీఎస్ 16,000 కోట్లు పెట్టి, ఒక్కోటి 2,850 రూపాయలకు 5.61 కోట్ల షేర్లు తిరిగి కొంది. మన చట్టం ప్రకారం అలా కొన్నవాటిని రద్దు చేయాల్సిందే. కాబట్టి ఒక్క షేరూ అమ్మని బాబాయి వాటా, కూర్చున్నచోటే సుమారు మూడు శాతం మేర పెరిగింది. కంపెనీ ఖజానాలోంచి సొమ్ము పోయింది గనుక అది ఊరికే వచ్చిన లాభమేమీ కాదు, కానీ భిన్నం మాత్రం నిజంగా మారింది. డీమ్యాట్‌లో అంకె కదల్లేదని ఆయన ముఖం ముడుచుకున్నాడు. 2025 ఏప్రిల్‌లో ఇదే సరిగ్గా తిరగబడింది. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి బాకీపడ్డ సొమ్ములో 36,950 కోట్లను పది రూపాయల చొప్పున షేర్లుగా మార్చారు. కొత్తగా 3,695 కోట్ల షేర్లు పుట్టాయి, పాతవాళ్ల వాటా మూడింట రెండు వంతులకు కుంచించుకుపోయింది. అప్పు తగ్గింది కాబట్టి అంతా నష్టమే అనలేం. అయినా ఆ రెండు వైపుల లెక్కా ఎవరో ఒకరు వేయాలి. బాబాయి డీమ్యాట్ తెరిచి చూశాడు. తన వెయ్యీ భద్రంగా ఉన్నాయి. తృప్తిగా కళ్లజోడు తుడుచుకుని, ఇంతకీ ఈ కంపెనీ బోనస్ ఎప్పుడిస్తుందని అడిగాడు.