వీరపునాయునిపల్లె వేలంపాట తీర్పులు

2025 డిసెంబరు 16న అబుదాబిలో ఐపీఎల్ వేలం ముగిసింది. అమ్ముడుపోయిన ఆటగాళ్లు ఇంకా ఇళ్లకు ఫోన్లు చేసుకుంటూ ఉండగానే మా వీరపునాయునిపల్లె బస్టాండులో తీర్పులు వెలువడ్డాయి. కోల్‌కతాకు పిచ్చి పట్టింది. చెన్నై పని అయిపోయింది. ముంబై ముందు నాలుగు ఓడుతుంది, తర్వాత లేస్తుంది. లక్నో గురించి మాట్లాడటం టైం వేస్టు. హైదరాబాదుకు కప్పు ఖాయం. మొదటి బంతి పడటానికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది. మా వాళ్లకు బంతితో ఎప్పుడూ పని లేదు.

తీర్పరులను తక్కువగా చూడొద్దు. కామెరాన్ గ్రీన్‌ను కోల్‌కతా 25 కోట్ల 20 లక్షలకు కొన్నదని దేశమంతటికీ తెలుసు. అందులో అతని చేతికొచ్చేది 18 కోట్లేనని, చిన్న వేలంలో విదేశీ ఆటగాడికి అంతకు మించి దక్కదని, మిగిలిన 7 కోట్ల 20 లక్షలు ఆటగాళ్ల సంక్షేమానికని బోర్డు దగ్గరికి పోతాయని మా ఊళ్లో టీ గ్లాసు కింద పెట్టకుండా చెప్పగలరు. చెప్పిన పెద్దమనిషినే, నీ శనగకు పంటబీమా ఎంత పడిందన్నా అని అడిగి చూడండి. "ఏమో అబ్బీ, బ్యాంకులో కనుక్కోవాల" అంటాడు. నడుముకు ఆపరేషన్ అయినోడికి అంత దుడ్డు పోస్తారా అని యజమాని షారుక్ ఖాన్ మీద కోప్పడేదీ ఆయనే. అప్పుడా గొంతులో బాధ చూడాలి, సొంత సంతకంతో చెక్కు ఇచ్చినంత బాధ.

చెన్నై మీద తీర్పు ఇంకా కఠినం. ముసలోళ్ల జట్టని ఇన్నేళ్లు తిట్టారు. ఇప్పుడు వాళ్లు జడేజాను రాజస్థాన్‌కు పంపి, ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మ అనే ఇద్దరు కుర్రాళ్లను తలా 14 కోట్ల 20 లక్షలకు తెచ్చుకుంటే, పిల్లోళ్లతో ఏం ఆడతారని తిడుతున్నారు. మా బస్టాండును మెప్పించాలంటే చెన్నై ఏ వయసు వాళ్లను కొనాలో దేవుడికే తెలియాలి.

ఇక సన్‌రైజర్స్. ఈ జట్టు మీద మా వాళ్లకు ఏటా కలిగే తొలి అభిప్రాయం ఒకటే: ఈసారి 300. ఈ రోగం 2024లో అంటుకుంది. ఆ మార్చి 27న ముంబై మీద 277, ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287 కొట్టారు. మే 26న ఫైనల్లో కోల్‌కతా మీద 113కే కుప్పకూలారు. ఈ మూడు స్కోర్లలో మొదటి రెండే మా వాళ్లకు గుర్తు. 2025లో మార్చి 23న రాజస్థాన్ మీద 286తో మొదలుపెట్టగానే, 300 ఏ రోజు కొడతారన్న దాని మీద వాదులాటలు రేగాయి. ఐపీఎల్ వస్తే ప్రొద్దుటూరులో బెట్టింగు కేసులు పేపర్లకెక్కడం ఎటూ రివాజే కాబట్టి, ఆ వాదులాట వట్టి మాటలతోనే ఆగిందని నేను పూచీపడలేను. చివరికి 300 రాలేదు. ఆరో స్థానం వచ్చింది.

2026 సీజనుకు ముందు బౌలర్ షమీని లక్నోకు ఇచ్చేశారు. మొదటి పిలుపులో ఎవరూ చెయ్యెత్తని లివింగ్‌స్టన్‌ను రెండోసారి పిలిచినప్పుడు 13 కోట్లకు ఎత్తుకున్నారు.

"మరి బౌలింగ్ ఎవరేస్తారు మామా?"

"బౌలింగ్ ఏంటికిరా? మనం 300 కొడతాం కదా!"

మనం అంటే ఎవరో కూడా చూద్దాం. జట్టు పేరు హైదరాబాదు. యజమాని చెన్నైలోని సన్ సంస్థ. కెప్టెన్‌గా చేసిన కమిన్స్‌ది ఆస్ట్రేలియా, హెడ్‌దీ ఆస్ట్రేలియానే, క్లాసెన్‌ది దక్షిణాఫ్రికా, అభిషేక్‌ది పంజాబు. పేరున్న తెలుగువాడు విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డి. హైదరాబాదు సిరాజ్ గుజరాత్‌కు ఆడతాడు, హైదరాబాదు తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. మరి తెలుగు సొమ్ము? అది ఢిల్లీ క్యాపిటల్స్‌లో ఉంది. అందులో వాటాదారైన జీఎంఆర్ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు రాజాం. చెన్నై డబ్బు హైదరాబాదులో, రాజాం డబ్బు ఢిల్లీలో ఆడుతుంటే, గొంతు చించుకునే పని మాత్రం కడప జిల్లాకు వదిలేశారు. పోనీ, సీమ పేరుతో జట్టు లేదా అంటే ఉంది. ఆంధ్ర ప్రీమియర్ లీగులో 'రాయల్స్ ఆఫ్ రాయలసీమ'. 2025 ఆగస్టులో ఆడింది విశాఖలో.

సరే, ఇంత తెలిసిన సభను అప్పుడు ఒక చిన్న ప్రశ్న అడిగాను. ఐపీఎల్ సంగతి మార్చిలో చూసుకుందాం, 2026 జనవరి 9న నవీ ముంబైలో మొదలయ్యే మహిళల లీగులో ఏ జట్టు ఎట్లుంది?

సభ నిశ్శబ్దం. ఎవరో దగ్గుతారు. "ఎన్ని జట్లుండాయి దాంట్లో?"

ఐదు. 2023 జనవరిలో ఆ ఐదింటినీ బోర్డు 4,669 కోట్ల 99 లక్షలకు అమ్మింది. అందులో తెలుగు ఊరి పేరున్న జట్టు ఒక్కటీ లేదు. అయితే వీరపునాయునిపల్లె మండలం మనిషి ఒకరున్నారు. ఐపీఎల్ పుట్టిన 2008 నుంచి పురుషుల జట్ల మీద ఇన్ని తీర్పులు చెప్పిన ఈ బస్టాండుకు, సొంతమని చెప్పుకోదగ్గ ఆటగాడు ఒక్కడూ దొరకలేదు. దొరికిన ఆటగత్తె ఆడే లీగు తేదీ ఎవరికీ తెలియదు.

ఎర్రమల్లె ఊరి శ్రీచరణి. ఎడమచేతి స్పిన్నర్. 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ 55 లక్షలకు కొన్నది. ఆ సీజనంతటిలో ఆడించింది రెండు మ్యాచ్‌లు, ఆమె తీసింది నాలుగు వికెట్లు. తర్వాత ఇంగ్లండు పోయి, 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తన తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఐదు మ్యాచ్‌లలో 10 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ అయింది. ఆ రోజుల్లో మా బస్టాండు అంతర్జాతీయ చర్చ: షమీని ఉంచాలా, పీకాలా?

నవంబరు 2 రాత్రి డీవై పాటిల్ మైదానంలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి భారత మహిళలు ప్రపంచకప్పు గెలిచారు. శ్రీచరణివి ఆ టోర్నీలో 14 వికెట్లు, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఆమే. 3వ తేదీ పొద్దున్నకు మండలం స్వరూపమే మారిపోయింది. ఆమెకు చిన్నప్పుడు బంతి అందిచ్చినవాళ్లు, బ్యాటు కొనిచ్చినవాళ్లు, "ఈ పిల్ల ఎప్పుడో పైకొస్తాదని నేను జెప్పలా" అన్నవాళ్లు ఊరికి పదిమంది లేచారు. వీళ్లందరూ నిజంగా ఆమెకు క్రికెట్ నేర్పి ఉంటే ఆ పిల్లకు బడికి పోయే తీరిక కూడా దొరికి ఉండదు. ఫ్లెక్సీల సంగతి రాయను. మన ఫ్లెక్సీల్లో నాయకుల తలలు ఎంతుంటాయో, గెలిచినవాళ్ల తలలు ఎంతుంటాయో చదివేవాళ్లకు తెలుసు.

ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో వెయ్యి గజాల స్థలం ప్రకటించినప్పుడు మాత్రం మా తీర్పరులు తమ అసలు ప్రతిభ చూపించారు. ఆమె ఓవరుకు ఎన్ని పరుగులిస్తుందో తెలియనివాళ్లు, కడపలో ఏ వైపు స్థలమైతే సెంటు ఎంత పలుకుతుందో పైసలతో సహా చెప్పారు.

ఎవరూ చెప్పకపోతే నేనే చెబుతాను ఆ ఐదు జట్ల మీద తొలి అభిప్రాయం. రెండు కప్పులున్న ముంబైకి మనం చెప్పేదేమీ లేదు. బెంగళూరులో మన హైదరాబాదు అరుంధతి రెడ్డి చేరింది. గుజరాత్ సోఫీ డివైన్‌ను తెచ్చుకుంది, ఇక తెచ్చుకోవాల్సింది ధైర్యం. యూపీ గట్టి బేరం చేసింది: 3 కోట్ల 20 లక్షలకు దీప్తిని నిలుపుకుంది, ఢిల్లీ వదిలేసిన మెగ్ లానింగ్‌ను ఎత్తుకుపోయింది, భద్రాచలం గొంగడి త్రిషనూ తీసుకుంది.

ఢిల్లీ సంగతి చూడండి. 2023, 2024, 2025, మూడేళ్లూ ఫైనల్ చేరింది, మూడేళ్లూ ఓడింది. 2026 సీజనుకు కెప్టెన్సీ జెమీమాకు ఇచ్చింది. ప్రపంచకప్పు ఫైనల్లో 87 కొట్టిన షెఫాలీ ఉంది. అదే ఫైనల్లో మన మీద 101 కొట్టి దడ పుట్టించిన వోల్వార్ట్‌ను కోటీ 10 లక్షలకు కొన్నది. శ్రీచరణిని వేలానికి వదిలేసి, నవంబరు 27న కోటీ 30 లక్షలు పోసి మళ్లీ కొనుక్కుంది. ఇంట్లో ఉన్నదాని విలువ బయట బేరం పెడితే గాని తెలియకపోవడంలో ఢిల్లీకీ మాకూ పెద్ద తేడా లేదు. నన్నడిగితే మాత్రం ఈసారి ఆమెను బెంచి మీద కూర్చోబెట్టే జట్టు నాలుగోసారి కూడా ఓడిపోవడానికి అన్ని విధాలా అర్హమైనది.

ఇంకో లెక్క. ఈ వేలానికి ఒక్కో మహిళా జట్టుకు ఇచ్చిన సంచి 15 కోట్లు. ఐదు జట్లకూ కలిపి 75. కిందటి పెద్ద వేలంలో రిషభ్ పంత్ ఒక్కడికి లక్నో పోసింది 27. ప్రపంచకప్పు గెలిచిన దేశంలో మహిళల లీగు మొత్తానికీ కలిపి ముగ్గురు పంత్‌లు కూడా రారు. గ్రీన్ నడుము మీద అంత బెంగపడ్డ పెద్దమనిషి ఈ లెక్క విని, "ఆడపిల్లోళ్ల ఆట కదప్పా, ఎవరు జూస్తారు" అన్నాడు. ఆయన చూడడు కాబట్టి ఎవరూ చూడరు.

ఇదంతా విన్నాక సభలో చలనం వచ్చింది. ఒకాయన ఫోను తీసి ఢిల్లీ జట్టు పేర్లన్నీ చదివి, కళ్లు మూసుకుని, తీర్పిచ్చాడు.

"మన పిల్ల ఉంది. ఈసారి కప్పు మనదే, రాసి పెట్టుకో."

"ఓడితే మామా?"

"ఓడితే మనకేంది? ఢిల్లీ వాళ్లు మనకేమన్నా సుట్టాలా!"